యంత్రానికీ ఉంది జీవన ప్రమాణం

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు తేల్చింది. ఆ సంగతి మీకందరికీ తెలిసినదే. ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ పెద్దలు మాట్లాడతారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు వేరే విషయం మాట్లాడమన్నారు. "సర్వర్ డౌన్ అంటే ఏమిటో నువ్వు చెప్పు" అన్నారు. నేను ఇంజనీరును కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసులలో పనిచేసి, రిటైరైనవాడిని. నాకు తెలిసింది కాగితం, రిజిస్టరు, తేదీ, నంబరు. అయితే ఈ కొత్త యంత్రాల కచేరీ ఎట్లా నడుస్తుందో మా మనవడు విప్పి చెప్పినప్పుడు, ఇది మనం నలభై ఏళ్ళు చేసిన పనే కదా అనిపించింది. ఆ మాటే మీతో పంచుకుంటాను.

ముందుగా ఇది మనకెందుకు అన్న ప్రశ్న. మన పింఛను బిల్లు, మన జీవన ప్రమాణ పత్రం, మన వైద్య కార్డు, ఆఖరుకు ఇంటి పన్ను కూడా ఇప్పుడు తెర మీదే జరుగుతున్నాయి. జీవన ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి 2014 నవంబరు 10న ప్రారంభమైంది. బొటనవేలు గుర్తులు అరిగిపోయినవారికోసం ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. ఇవన్నీ మంచివే. కాని ఒక సేవా కేంద్రంలో, దాని పేరు అనవసరం, నేను మూడు రోజులు వరుసగా వెళ్ళి "సర్వర్ డౌన్, రేపు రాండి తాతా" అన్న మాట విని తిరిగి వచ్చాను. నాతోపాటు బల్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ కుటుంబ పింఛనుదారు. ఆమెకు ఆ పదకొండువందల అడుగుల నడకే ఒక తిరుపతి యాత్ర. "డౌన్ అంటే ఏందబ్బీ, నాది ఆగిపోతాదా?" అని ఆమె అడిగితే చెప్పేవాడు లేడు. పత్రం అందకపోతే పింఛను నిలుస్తుంది. కాబట్టి ఆ మాటకు అర్థం తెలుసుకోవడం మన కడుపుకు సంబంధించిన విషయం.

పెట్టె కథ

మనలో రెవెన్యూలో పనిచేసినవారికి జమాబంది క్యాంపులు గుర్తుండే ఉంటాయి. ఆలూరుకో పత్తికొండకో క్యాంపు వెళ్ళేటప్పుడు ఒక ఇనుప పెట్టె వెంట వెళ్ళేది. అందులో ఫారాలు, రబ్బరు ముద్రలు, ఇంకు ప్యాడు, లక్క, దారం, దబ్బనం, ఆ గ్రామాల లెక్కలు అన్నీ ఉండేవి. బడిలో కూర్చోబెట్టినా, చావడిలో కూర్చోబెట్టినా, వేపచెట్టు కింద బల్ల వేసినా గుమాస్తా పని ఆగేది కాదు. ఎందుకంటే ఆ ఊళ్ళో ఏమున్నా లేకపోయినా, పనికి కావలసినదంతా పెట్టెలోనే ఉంది.

ఇప్పటి కంప్యూటరువాళ్ళు కంటైనర్ అనేది సరిగ్గా ఇదే. ఒక ప్రోగ్రాము నడవడానికి కావలసిన సరంజామా అంతా ఒకే మూటగా కట్టేస్తారు. అప్పుడు ఆ మూట బెంగుళూరు యంత్రం మీదైనా, హైదరాబాదు యంత్రం మీదైనా ఒకే రీతిగా నడుస్తుంది. ఈ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చిన డాకర్ అనే సాధనం 2013లో వచ్చింది. పేరు మాత్రం ఓడల మీది ఇనుప పెట్టెల నుండి తీసుకున్నారు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ అమెరికాలో నెవార్క్ నుండి హూస్టన్‌కు 58 పెట్టెలతో బయలుదేరింది. మూటలు విప్పి ఎత్తి దించే కూలి, ఆలస్యం, నష్టం అప్పటి నుండి తగ్గుతూ వచ్చాయి.

ఆ 1956 మన కర్నూలుకూ గుర్తుండే సంవత్సరమే. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కట్టడాలు చాలక గుడారాలలో కచేరీలు నడిపారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దలు ఆ గుడారాల ముచ్చట్లు చెప్పేవారు. కచేరీ అంటే గోడలు కావు, కాగితాలు, వాటిని నడిపే క్రమం అని ఆ తరానికి బాగా తెలుసు. గుడారం మారినా పని మారకూడదు. ఈ కంటైనర్ల కిటుకు అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మంజూరైన పోస్టులు, పనిచేస్తున్న మనుషులు

ఒక పెట్టె అయితే ఒక మనిషి చూసుకుంటాడు. వందల పెట్టెలు, పదుల యంత్రాలు ఉంటే ఎవరు చూడాలి? ఆ యంత్రాల గుంపును క్లస్టర్ అంటారు. ఆ గుంపు మీద అజమాయిషీ చేసే ప్రోగ్రాము పేరు కుబర్నెటిస్. 2014 జూన్‌లో గూగుల్ సంస్థ దీనిని ప్రకటించి, 2015 జూలైలో తొలి పూర్తి రూపం విడుదల చేసి, ఉమ్మడి నిర్వహణకోసం ఒక ఫౌండేషనుకు అప్పగించింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అది గ్రీకు మాట. ఓడ చుక్కాని పట్టే సరంగు అని అర్థం. మన మెట్ట సీమలో ఓడలెక్కడివి, తుంగభద్రలో పుట్టి నడిపేవాడు అనుకోండి, సరిపోతుంది.

ఈ సరంగు చేసే పని మనకు కొత్త కాదు. ప్రతి ఆఫీసుకు మంజూరైన పోస్టులు ఇన్ని అని ఒక ఉత్తర్వు ఉంటుంది. పనిచేస్తున్నవారు ఇందరు అని ఇంకో లెక్క ఉంటుంది. ఆ రెండింటి తేడాను ఖాళీ అంటాము. మన కాలంలో ఖాళీ భర్తీకి ఏళ్ళు పట్టేవి. కుబర్నెటిస్ చేతికి "ఈ పని చేసే పెట్టెలు ఎప్పుడూ మూడు ఉండాలి" అని ఉత్తర్వు ఇస్తే, అది అనుక్షణం లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఒకటి కూలిపోతే క్షణాలలో ఇంకొకటి కూర్చోబెడుతుంది. ఒక యంత్రమే కాలిపోతే, కాసేపు చూసి, దాని మీది పనిని పక్క యంత్రాలకు సర్దుతుంది. ఎవరూ అర్జీ పెట్టనక్కరలేదు. పెట్టె కూర్చునే ఆ స్థానాన్ని పాడ్ అంటారు. మనం కుర్చీ అనుకుందాం.

ఇంత హంగామా ఎందుకంటారేమో. 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్ళు నిండినవారందరికీ కోవిడ్ టీకాకు కోవిన్‌లో పేర్లు నమోదు మొదలైంది. ఆ సాయంత్రం నాలుగు గంటలకు తలుపు తెరిస్తే, మొదటి నిమిషాలలో కొంత తడబడినా, ఆ ఒక్కరోజే ఒక కోటి ముప్పై లక్షల మందికి పైగా నమోదైనారు. మన రాష్ట్రంలోని ఖజానా కార్యాలయాలన్నీ కలిపినా అంతమందిని ఒక పూటలో చూడగలవా? ఆ టీకా ధ్రువపత్రాలు ఇచ్చే భాగానికి వాడిన డైవాక్ అనే ప్రోగ్రామును ఈ కుబర్నెటిస్ మీద నడిచేలాగే తయారుచేశారు. అదే ప్రోగ్రామును శ్రీలంక, ఫిలిప్పీన్స్ దేశాలు కూడా తమ చిహ్నం, తమ పత్రం నమూనా పెట్టుకుని వాడుకున్నాయి. రద్దీ పెరిగితే కుర్చీలు పెంచాలి, తగ్గితే తీసేయాలి. కె.సి. కాలువ తూములు ఎత్తి దించినట్లు. ఆ పని చేత్తో చేస్తే కుదరదు.

ప్రతి పది సెకన్లకూ ఒక పత్రం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కుర్చీలో పెట్టె కూర్చుంది సరే. అది పని చేస్తున్నదా, ఊరికే కూర్చున్నదా? మన ఆఫీసులలో కుర్చీకి కోటు తగిలించి కాఫీకి వెళ్ళే మహానుభావులను మనం చూడలేదా? ఆ తంత్రం ఇక్కడ సాగదు. సరంగు రెండు ప్రశ్నలు అడుగుతూనే ఉంటాడు. మొదటిది, "బతికి ఉన్నావా?" రెండవది, "పని అందుకోవడానికి సిద్ధమా?" మొదటిదానిని లైవ్‌నెస్ పరీక్ష అంటారు, రెండవది రెడీనెస్ పరీక్ష.

మొదటి ప్రశ్న వింటే మీకేమి గుర్తుకొచ్చింది? అదే, జీవన ప్రమాణం! మనం ఏడాదికి ఒకసారి ఇస్తాము. ఆ పెట్టెలు, ప్రత్యేకంగా వేరే వ్యవధి రాయకపోతే, ప్రతి పది సెకన్లకూ ఇస్తాయి. మూడుసార్లు వరుసగా జవాబు రాకపోతే ప్రాణం లేదని తీర్మానించి, ఆపేసి, మళ్ళీ మొదలుపెడతారు. రెండవ ప్రశ్నకు జవాబు రాకపోతే చంపరు. జనాన్ని మాత్రం ఆ కిటికీకి పంపరు, పక్క కిటికీకి పంపుతారు. ఈ తేడా మనసులో పెట్టుకోండి. బతికి లేకపోవడం వేరు, ఇంకా సిద్ధం కాకపోవడం వేరు.

కిందటి దసరాకు మా కూతురి కొడుకు బెంగుళూరు నుండి వచ్చాడు. వాడి ఉద్యోగమే ఇది. ఒక రాత్రి మిద్దె మీద చాప వేసుకుని కూర్చున్నాం. పదకొండు గంటలకు వాడికి ఫోను. ధ్రువపత్రాలు జారీచేసే ఒక ప్రోగ్రాము కొత్త రూపం ఎక్కించారట, అది నిలబడడం లేదట. వాడు ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చొని ప్రతిదీ అడిగాను. వాడు విసుక్కోకుండా చెప్పాడు. ఆ వరస మీకు చెబుతాను.

మొదట హాజరుపట్టీ చూశాడు. తెర మీద నాలుగు వరుసలు. మూడు పాత పెట్టెలు, నడుస్తున్నాయి. ఒకటి కొత్తది, దాని ఎదురుగా క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ అని ఉంది. లేచి పడుతూ, పడి లేస్తూ ఉందని దాని అర్థం. పడిన ప్రతిసారీ మళ్ళీ లేపడానికి సరంగు పట్టే విరామం పెరుగుతుంది. పది సెకన్లు, ఇరవై, నలభై, అట్లా అయిదు నిమిషాల దాకా. "మరి జనానికి ఇబ్బంది లేదా?" అన్నాను. "లేదు తాతా, కొత్తవాడు చార్జి తీసుకున్నాకే పాతవాడు రిలీవ్ అవుతాడు. కొత్తవాడు సిద్ధమని చెప్పేదాకా పాతవాళ్ళు కిటికీల్లోనే ఉంటారు" అన్నాడు. మన చార్జి అప్పగింత నియమమే! అది సరిగ్గా పాటించిన చోట, మార్పు జరిగిన రాత్రి కూడా పింఛనుదారుకు "రేపు రా" అనే మాట ఉండదు.

రెండవది, ఆ కొత్త పెట్టె సర్వీసు రిజిస్టరు తెరిచాడు. ప్రతి పెట్టెకూ ఏమేమి జరిగిందో వరుసగా రాసి ఉంటుంది. ఇటువంటి చోట సాధారణంగా కనిపించే ఆక్షేపణలు కొన్ని ఉన్నాయని చెప్పాడు. పెట్టె కూర్చోడానికి ఏ యంత్రం మీదా చోటు లేకపోతే పెండింగ్ అని ఉంటుంది. పెట్టె పేరు తప్పు రాసినా, తెచ్చుకునే అనుమతి లేకపోయినా ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్ అని ఉంటుంది. స్టేషనరీ డిపోకు తప్పు ఫారం నంబరుతో ఇండెంటు పెట్టినట్లు. మంజూరైనదానికన్నా ఎక్కువ జ్ఞాపకశక్తి వాడితే ఓఓఎం కిల్డ్ అని ఉంటుంది. బీరువా పట్టనన్ని ఫైళ్ళు కుక్కినట్లు. ఇక్కడ ఈ మూడూ కావు. "లైవ్‌నెస్ పరీక్షలో జవాబు లేదు, అందుకని తిరిగి మొదలుపెడుతున్నాము" అని ఉంది.

మూడవది, పెట్టె తన చేత్తో తాను రాసుకునే దినచర్య చూశాడు. దానిని లాగ్ అంటారు. ఇక్కడ ఒక కిటుకుంది. ఇప్పుడే లేచినదాని దినచర్యలో ఏమీ ఉండదు. దీనికి ముందు చనిపోయినదాని దినచర్య అడిగి తెప్పించుకోవాలి. అందులో ఆఖరి పంక్తి, "జిల్లాలు, మండలాలు, గ్రామాల పట్టిక చదువుతున్నాను" అని. ఆ తరువాత ఏమీ లేదు.

అప్పుడు లెక్క వేశాడు. కొత్త రూపంలో రాష్ట్రంలోని గ్రామాలన్నిటి పట్టిక చేర్చారు. అది చదవడానికి తొంభై సెకన్లు పడుతోంది. సరంగుకు ఇచ్చిన ఉత్తర్వు ఏమిటంటే, ముప్పై సెకన్లు ఆగి మొదటి ప్రశ్న అడుగు, తరువాత పది సెకన్లకొకసారి అడుగు, మూడు తప్పితే ఆపేయి అని. అంటే ముప్పై, నలభై, యాభై. యాభైవ సెకనుకే మూడు తప్పులూ నిండిపోతున్నాయి. పట్టిక సగం చదివిన పెట్టెకు మరణ ధ్రువీకరణ జరిగిపోతున్నది! దానికి జబ్బు లేదు, అది తప్పు చేయలేదు. మెల్లగా లేస్తున్నది, అంతే.

"మరి మందేమిటి?" అన్నాను. ఇటువంటి పెట్టెలకోసం స్టార్టప్ పరీక్ష అని మూడవది ఒకటి ఉన్నదట. మొదట లేచేటప్పుడు మాత్రం ఓపికగా ఉండు, పది సెకన్లకొకసారి అడుగు, ముప్పైసార్లు జవాబు రాకపోయినా ఊరుకో, అంటే మూడువందల సెకన్లు గడువు ఇవ్వు, ఒకసారి లేచాక నీ మామూలు ప్రశ్నలు మొదలుపెట్టు అని. ఉత్తర్వులో ఆ నాలుగు పంక్తులు చేర్చి పంపాడు. తొంభై సెకన్లు గడిచాయి. కొత్త పెట్టె ఎదుట "సిద్ధం" అని వచ్చింది. పాతవి ఒకటొకటిగా రిలీవ్ అయినాయి.

అయ్యా, ఆ నిమిషంలో నాకు ఆ బల్ల మీది పెద్దావిడ గుర్తుకొచ్చింది. జీవితమంతా కళ్ళాల్లో, పొయ్యి దగ్గర పనిచేసి వేలిగుర్తులు అరిగిపోయిన మనిషి. యంత్రం మీద వేలు పెడితే జవాబు లేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అంతే, "కాలేదు, రేపు రా". యంత్రాలు తయారుచేసినవారు మెల్లగా లేచే యంత్రంకోసం ప్రత్యేకంగా ఒక పరీక్ష పెట్టారు. మెల్లగా నడిచే మనిషికి ఆపాటి గడువు ఇవ్వమని అడగడం గొంతెమ్మ కోరికా? కేంద్ర పింఛనుదారులలో 80 ఏళ్ళు దాటినవారికి నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు 1 నుండే పత్రం ఇచ్చే వీలు కల్పించారు. పోస్టుమాన్ ఇంటికి వచ్చి తీసుకునే సదుపాయమూ ఉంది. ఇవన్నీ మనుషులకోసం పెట్టిన స్టార్టప్ పరీక్షలే. ఇంకా కావాలి. అడగడం మన సంఘం పని.

కాగితం పెట్టెలో ఉండాలా, బయట ఉండాలా?

ఆ రాత్రి కథ అంతటితో ముగియలేదు. సరిచూడడానికి మనవడు ఒక నమూనా పత్రం తీశాడు. అప్పటికి రాత్రి పన్నెండున్నర దాటింది. గుమాస్తా కంటికి మొదట కనబడేది తేదీయే కదా. అందులో నిన్నటి తేదీ పడింది. ఆ సంగతి చెప్పాను. వాడు నవ్వి, "కరెక్టే తాతా, పెట్టె లండన్ వైపు గడియారంతో నడుస్తోంది" అన్నాడు. మనం ఏమీ చెప్పకపోతే ఈ పెట్టెలు ప్రపంచ కాలం పాటిస్తాయట. మనకన్నా అయిదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి నుండి తెల్లవారి అయిదున్నర దాకా మనకు ఒక తేదీ, దానికి ఒక తేదీ. గడువు మొదలైన రోజున తెల్లవారుజామున లేచి ఫోనులో పత్రం పంపే పెద్దమనిషికి "గడువు ఇంకా మొదలు కాలేదు" అని జవాబు రావచ్చు. లోపలి రిజిస్టరు ప్రపంచ కాలంలోనే ఉండవచ్చు, మనిషికి చూపేటప్పుడు మాత్రం మన కాలం చూపాలి. అందుకు ఒక పంక్తి రాస్తే చాలు.

ఇంకొకటి. పేరు ఇంగ్లీషులో బాగానే ఉంది. తెలుగులో ఉండవలసిన చోట వరుసగా చిన్న చిన్న గళ్ళు. బేతంచెర్ల బండలు పరిచినట్లు! మన ఇంటి కంప్యూటరులో తెలుగు లిపి ముందే ఉంటుంది గనుక బాగా కనబడుతుంది. పెట్టెను వీలైనంత తేలికగా కడతారు గనుక, ఎవరూ చెప్పకపోతే అందులో తెలుగు లిపి ఉండదు. క్యాంపు పెట్టెలో తెలుగు ముద్ర పెట్టడం మరచినట్లు.

ఇక్కడ వాడు చెప్పిన ఒక నియమం నాకు చాలా నచ్చింది. ఊరూరికీ మారేవి పెట్టెలో పెట్టకూడదు, బయట కాగితం మీద రాయాలి. ఎక్కడికి పోయినా మారనివి పెట్టెలో ఉండాలి. లిపి పెట్టెలోకి పోవాలి. కాలం, గడువు తేదీ, జిల్లా పేర్లు బయట కాగితం మీద ఉండాలి. ఆ కాగితాన్ని కాన్ఫిగ్‌మ్యాప్ అంటారు. దీని విలువ మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది. 2010లో వైయస్సార్ జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినాయి. నంద్యాల కర్నూలు నుండి వేరైంది, రాజంపేట, రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. జిల్లా పేర్లు పెట్టెలోనే చెక్కి ఉంటే ప్రతిసారీ పెట్టెలన్నీ కొత్తగా కట్టాలి. బయట కాగితం మీద ఉంటే ఒక కాగితం మార్చి, పెట్టెలకు కొత్త కాగితం చదువుకోమని చెబితే చాలు.

వాడు పాటించిన ఇంకో రెండు కట్టుబాట్లు చెబుతాను. ఒకటి, నడుస్తున్న పెట్టెలోకి చెయ్యి పెట్టి దిద్దకూడదు. "ఇప్పుడే లోపలికి పోయి ఆ లిపి పడేస్తే అయిపోతుంది కదా" అని నేను అంటే, "అయిపోతుంది, కాని ఆ పెట్టె పడి లేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది" అన్నాడు. అసలు ప్రతి దిద్దకుండా నకలు మీద పెన్సిలుతో దిద్దినట్లు. అసలు దిద్ది, కొత్త పెట్టె కట్టి పంపాలి. రెండవది, దిద్దిన పెట్టెకు కొత్త నంబరు ఇవ్వాలి. పాత నంబరు మీదే కొత్తది పంపితే ఏ యంత్రం మీద ఏది ఉందో తెలియదు. సవరించిన జీవోకు పాత జీవో నంబరే వేసినట్లు! కొత్త నంబరు ఉంటే, తేడా వచ్చినప్పుడు ఒక్క ఆజ్ఞతో పాతదానికి తిరిగి వెళ్ళవచ్చు.

పోతే, పెట్టె పడి లేచినప్పుడు దానిలో రాసుకున్నదంతా పోతుందని చెప్పాను. మరి మన పింఛను లెక్కలు? వాటిని పెట్టెలో ఉంచరు. వేరుగా, స్థిరమైన నిల్వలో ఉంచుతారు, దాని నకళ్ళు ఇంకో ఊళ్ళో ఉంచుతారు. ఎందుకో కర్నూలువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు ఇనుప బీరువాలు కూడా మునిగాయి. నకలు అదే గదిలో ఉంటే అది నకలు కాదు.

మనం చేయవలసినది

ఇంత విన్నాక మనకు మిగిలే ప్రయోజనం ఏమిటి? ఈసారి "సర్వర్ డౌన్" అన్నప్పుడు బల్ల మీద కూర్చుని నిట్టూర్చకండి. జేబులోని చిన్న పుస్తకం తీసి అయిదు సంగతులు రాసుకోండి.

మొదటిది, సమయం. "పొద్దున" అని కాదు, "10 గంటల 42 నిమిషాలు" అని. పెట్టెలు ప్రతి పనికీ సమయం రాసుకుంటాయి. మీరు నిమిషం చెబితే అక్కడివాడు మీ పంక్తి వెదికి పట్టుకోగలడు. రెండవది, తెర మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్లుగా. అర్థం కాకపోయినా అక్షరం పొల్లు పోకుండా. ఫోటో తీయించుకుంటే మరీ మంచిది. మూడవది, మీ దరఖాస్తు నంబరు. నాలుగవది, ఈ ఇబ్బంది మీ ఒక్కరికా, వరుసలోని అందరికీనా. అందరికీ అయితే కచేరీ లోపం. మీ ఒక్కరికే అయితే మీ వివరాలలో పేరో, పుట్టిన తేదీయో తేడా ఉండవచ్చు. రెండింటికీ వెళ్ళవలసిన బల్లలు వేరు. అయిదవది, పత్రం చేరిందా లేదా అని చూడకుండా మళ్ళీ మళ్ళీ నొక్కవద్దు. జవాబు మన దాకా రాకపోయినా పత్రం అక్కడికి చేరి ఉండవచ్చు. ముందు స్థితి చూడమని అడగండి.

ఇంకొక హెచ్చరిక. బాగుచేస్తామని ఎవరు ఫోను చేసినా ఓటీపీ, బ్యాంకు వివరాలు చెప్పవద్దు. పెట్టెను బాగుచేసేవాడికి మీ ఓటీపీతో పని లేదు. యంత్రం మొండికేస్తే, వేరే దారి ఏముందో గట్టిగా అడగండి. స్వయంగా వెళ్ళి కాగితం మీద ఇచ్చే పాత దారి మీకు వర్తిస్తుందో లేదో మీ ఖజానాలోనో బ్యాంకులోనో కనుక్కోండి. గడువు ఆఖరి వారం దాకా ఆగకండి.

ఇక్కడికి వచ్చిన పిల్లలతో ఒక మాట. మీలో చాలామంది బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఇటువంటి పెట్టెలు కట్టే ఉద్యోగాలు చేస్తున్నారు. నాయనలారా, మీరు పెట్టె కట్టేటప్పుడు తెలుగు లిపి వేయడం మరవకండి. మన పేర్లు పొడుగు. వెంకట చేరుస్తాం, సుబ్బ చేరుస్తాం, ఇంటిపేరు చేరుస్తాం. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో పడితే తెలుగులో క, మ వంటి ఒక్కొక్క గుర్తుకు మూడు గడులు పడతాయని, ఒత్తుకూ గుణింతానికీ అవి విడిగా పడతాయని మా మనవడే చెప్పాడు. గడులు లెక్కపెట్టి ఇస్తే పేరు మధ్యలో తెగుతుంది. పేరు తెగితే పింఛను తెగుతుంది. అలాగే ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు అడగాలి అని మీరు అంకెలు వేస్తారే, ఆ అంకె వేసేటప్పుడు మీ ఇంట్లో ముసలివాళ్ళు కుర్చీలోంచి లేవడానికి ఎంతసేపు పడుతుందో ఒక్కసారి తలచుకోండి.

మిత్రులారా, నకారా తీర్పు మనకు హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఇప్పుడు తెర వెనుక పెట్టెల మీదుగా మన చేతికి వస్తున్నది. వాటిని చూసి భయపడనక్కరలేదు, దండం పెట్టనూ అక్కరలేదు. అవి కూడా హాజరుపట్టీ, సర్వీసు రిజిస్టరు, దినచర్య ఉన్న ఒక కచేరీయే. కచేరీ ఎట్లా నడవాలో ఈ హాలులో కూర్చున్నవారికన్నా బాగా తెలిసినవారు ఎవరున్నారు? వచ్చే నెల నుండి ప్రతి రెండవ శనివారం మన సంఘ భవనంలో, మీరు రాసుకొచ్చిన ఆ అయిదు సంగతులు చూసి అర్జీ రాసిపెట్టడానికి నేనూ, మరి ఇద్దరు మిత్రులూ కూర్చుంటాము. ఫీజు లేదు. కళ్ళద్దాలు మాత్రం తెచ్చుకోండి.